పావురాల గాలి

మా నాన్న దగ్గడం మాకు కొత్త కాదు. పోర్టులో ఇనుప ఖనిజం ఎత్తే క్రేను మీద ముప్ఫయ్యేళ్ళు కూర్చుని వచ్చిన మనిషి. డ్యూటీ దిగి వీధి మలుపు తిరగగానే గట్టిగా ఒక దగ్గు దగ్గేవాడు. అది వినగానే అమ్మ పొయ్యి మీద టీ గిన్నె పెట్టేది. కానీ ఆ ఏడు శివరాత్రి వెళ్ళి చలి పోయాక మొదలైంది ఆ దగ్గు కాదు. పొడిదగ్గు. మాట మధ్యలో వచ్చేది, ముద్ద మధ్యలో వచ్చేది, వచ్చిందంటే కళ్ళ నీళ్ళు తిరిగేదాకా వదిలేది కాదు. డాబా మెట్లు ఎక్కుతూ సగంలో ఆగిపోయేవాడు. నేను చూస్తున్నానని తెలియగానే గోడ సున్నం ఎక్కడ ఊడిందో చూస్తున్నట్టు నటించేవాడు.

"ఏటి నాన్నా అది?" అంటే, "ఎండాకాలం దగ్గమ్మా. ఒగ్గీ," అనేవాడు.

వదిలేయడం నావల్ల కాలేదు. నా కళ్ళు మాటిమాటికీ డాబా మీద గూళ్ళవైపు పోయేవి.

మా ఇల్లు కంచరపాలెంలో. కింద రెండు గదులు, పైన డాబా మీద రేకుల కప్పుతో ఒక గది. ఆ గదిలో అమ్మ మంచం, ఆ మంచానికి ఎదురుగా, గోడ పొడుగునా చెక్కపెట్టెలతో కట్టిన పావురాల గూళ్ళు. రెండేళ్ళ కిందట అమ్మ వంటింట్లో చేపలు కడుగుతూ కడుగుతూ పక్కకి ఒరిగిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు, నోట్లో మాట, మూడూ ఒక్కసారే పోయాయి. ఆసుపత్రి వాళ్ళు చెయ్యగలిగింది చేసి ఇంటికి పంపేశారు. అప్పుడు తగరపువలస నుంచి అమ్మ తమ్ముడు కన్నబాబు మావ బస్సులో దిగాడు, ఒళ్ళో ఒక వెదురుబుట్ట పెట్టుకుని. అందులో రెండు జతల పావురాలు.

"బావా, డాక్టర్లు సేసింది సేసేరు. ఇంక నా మాట ఇను. పావురాల గాలి తగిల్తే పచ్చవాతం పోద్ది. మా ఊల్లో ఇద్దరు లేచి నడిసేరు. నా కళ్ళతో సూసేను," అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మావా, గాలికి నరాలు బాగుపడవు," అన్నాను.

"నీ సదువు నీకాడ ఉంచుకో గుంటా. మీ లేబులో పావురాల్ని కోత్తారు. నాను బతికున్న పావురాల సంగతి సెప్తన్నాను," అన్నాడు మావ.

అందులో అబద్ధం లేదు. యూనివర్సిటీలో నేను పరిశోధన చేసే లేబులో సగం బల్లల మీద ఆకులు, సగం బల్లల మీద ఈకలు. పోర్టూ ఫ్యాక్టరీలూ ఉన్న ఊళ్ళో చెట్ల ఒంట్లో, పిట్టల ఒంట్లో ఏ అణువు పెరుగుతోంది, ఏ లక్షణం మారుతోంది అన్నది మా జ్యోతిర్మయి మేడం పట్టుకున్న ప్రశ్న. నా పక్క బల్ల యోహాన్ కానుగ ఆకుల మీది మైనం గీరి కొలుస్తాడు. నాకు పావురాలు. గోదాముల దగ్గర తిరిగే పావురాలు ఊరి బయటి వాటికన్నా నల్లగా ఎందుకుంటాయి, ఆ నలుపు లోహాన్ని పట్టి ఉంచుతోందా అని ఈకలు కరిగించి చూస్తాను. పగలంతా అక్కడ పావురాలు, ఇంటికొస్తే ఇక్కడ పావురాలు. నా బతుకే ఒక గూడైపోయింది.

నాన్న మాత్రం ఆ పక్షులతో కొత్త మనిషయ్యాడు. రెండు జతలు పెరిగి పెద్ద గుంపయ్యాయి. వాటికి గంటెలు, అంటే సజ్జలు, చల్లేవాడు, నీళ్ళు మార్చేవాడు, గూళ్ళు గీకి రెట్ట ఎత్తేవాడు. ఊరికే ఉండలేక వాటిని బుట్టలో పెట్టుకుని సిటీ బస్సెక్కి ఒకరోజు మద్దిలపాలెం, ఇంకోరోజు మధురవాడ, ఆపైన తగరపువలస దాకా తీసుకెళ్ళి వదిలేవాడు. ఆయన బస్సులో ఇల్లు చేరేసరికి అవి గూట్లో కూర్చుని ఉండేవి. గుంపుకి పెద్ద ఒక బూడిదరంగు మగపిట్ట, ఒక రెక్కలో తెల్ల ఈక. దానికి కెప్టెన్ అని పేరు పెట్టాడు. పోర్టులో పనిచేసినవాడికి అంతకన్నా గొప్ప పేరేం తడుతుంది!

తెల్లవారగానే జరిగే తంతు ఒకటుంది. అమ్మ మంచాన్ని గదిలోంచి డాబా మీదికి లాగేవాడు. పావురాలన్నింటినీ మంచం చుట్టూ దించి గింజలు చల్లేవాడు. తిన్నాక రెండు చేతులూ ఎత్తి టప్పున ఒక చప్పట. అన్నీ ఒక్కసారి లేచేవి. ఆ రెక్కల గాలి అమ్మ మొహం మీద కొట్టేది, జుట్టు ఎగిరేది, దుప్పటి అంచు లేచేది. అమ్మ కళ్ళు మూసుకుని నవ్వేది. సగం మొహమే నవ్వేది, కానీ నవ్వేది. అన్నీ ఎగిరిపోయినా కెప్టెన్ మాత్రం కదిలేది కాదు. అమ్మ గుండెల మీదికెక్కి కూర్చుని గురగురమనేది. అమ్మ ఎడంచేత్తో దాని మెడ నిమిరేది.

ఆ నవ్వు కోసమే నేను రెండేళ్ళు నోరు మూసుకున్నాను. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ చెయ్యడానికి వచ్చే ఎవాంజలిన్ అమ్మ కుడి అరచేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కించేది. నొక్కించగా నొక్కించగా ఒక సంక్రాంతి దాటిన వేళ వేళ్ళు కాస్త ముడుచుకున్నాయి. నాన్న వీధి వీధంతా చెప్పుకొచ్చాడు. బంతి మాట ఎక్కడా చెప్పలేదు. పావురాల మాటే చెప్పాడు.

మేము ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది ఉగాది ముందు వారం. స్కానింగు ఫిల్ము దీపానికి పెట్టి చూసి, డాక్టరు మొదట అడిగిన మాట, "ఇంట్లో పక్షులేమైనా ఉన్నాయా?"

"లేవండి," అన్నాడు నాన్న.

"ఇంటి నిండా పావురాలేనండి," అన్నాను నేను.

నాన్న నావైపు చూసిన చూపు చూడాలి. పరాయి మనుషుల ముందు ఇంటి పరువు తీసినదాన్ని చూసినట్టు చూశాడు.

డాక్టరు మెల్లగా చెప్పాడు. పావురాల రెక్కల మీది తెల్లటి పొడిలో, రెట్టలో ఒక ప్రోటీను ఉంటుంది. అందరికీ అది హాని చెయ్యదు. పడనివాళ్ళకి అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన ప్రతిసారీ ఒళ్ళు దాని మీద యుద్ధం చేస్తుంది. యుద్ధం జరిగినచోటల్లా మచ్చ కడుతుంది. "మచ్చ కట్టిన చోటు మళ్ళీ మెత్తబడదు కామరాజుగారూ. మందులు రాస్తాను, కానీ పక్షులుంటే మందులు దండగ. ఈ రోజే తీసేయండి."

ఆటోలో నాన్న ఫిల్ము కవరుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జ్ఞానాపురం వంతెన దాటాక నవ్వాడు. ఆ నవ్వులోనే దగ్గొచ్చింది.

"ముప్పయ్యేళ్ళు ఎర్రదుమ్ము పీల్సేను. ఉమ్మేస్తే ఎర్రగా పడేది. సొక్కా ఉతికితే కాలవంతా ఎరుపు. నాకేటీ అవలేదు. ఇప్పుడు పావురం ఈక నన్ను సంపుతాదా? ఆ డాక్టరుకి బుర్రుందేటి?"

"పావురం కాదు నాన్నా, దాని మీద పొడి."

"ఏదోటి. ఇంట్లో మీ అమ్మ అవే పీలుత్తంది. ఆవిడికేటీ లేదే?"

దానికి నా దగ్గర జవాబుంది. కానీ ఆయన నమ్మే జవాబు కాదు. అందుకే లేబుకి పోయి ఆయన కళ్ళకి కనిపించేలా చేద్దామనుకున్నాను. అంత చదువు చదివింది ఎందుకు మరి, కన్నతండ్రిని బతికించుకోలేకపోతే!

నాన్న రక్తం, అమ్మ రక్తం తీయించి లేబుకి పట్టుకెళ్ళాను. సముద్రపు నాచు నుంచి తీసిన పొడి ఉంటుంది, అగారు అంటాం. దాన్ని నీళ్ళలో మరిగించి గాజుపళ్ళెంలో పోస్తే జున్నులా పేరుకుంటుంది. అందులో చిన్న చిన్న గుంటలు తవ్వాను. మధ్య గుంటలో నాన్న రక్తం మీది తేట. చుట్టూ గుంటల్లో ఒకదాంట్లో కెప్టెన్ రెక్క దులిపి తెచ్చిన పొడి నీళ్ళు, ఒకదాంట్లో రెట్ట నీళ్ళు, ఒకదాంట్లో కోడి ఈక నీళ్ళు, ఒకదాంట్లో ఉత్త ఉప్పునీళ్ళు. ఇంకో పళ్ళెంలో అమ్మది కూడా అలాగే పెట్టాను. మధ్యలోదీ పక్కదీ జున్నులో పాకుతూ ఎదురెదురుగా వస్తాయి. వాటి మధ్య పగ ఉంటే కలిసినచోట తెల్లటి గీత పడుతుంది. పగ లేకపోతే ఏమీ పడదు.

రెండోరోజు నేను వెళ్ళేసరికి యోహాన్ నా పళ్ళేన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని మురిసిపోతున్నాడు.

"అక్కా, ఎవలిదీ సీరం? ఎంత మందంగా పడిందో సూడు గీత! పుస్తకంలో బొమ్మలాగ ఉంది. ఫొటో తీసి మేడంకి సూపిద్దాం."

"మా నాన్నది," అన్నాను.

యోహాన్ పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు. "సారీ అక్కా," అని, ఏం చెయ్యాలో తెలియక తన ఆకుల దగ్గరికి పోయి నిలబడ్డాడు. కాసేపటికి తిరిగొచ్చి, "ఆదివారం ప్రార్థనలో ఆయన పేరు సెప్పిత్తాను," అన్నాడు. నేను తలూపాను. రెక్కపొడి దగ్గరొకటి, రెట్ట దగ్గరొకటి, రెండు గీతలూ సున్నం పెట్టి గీసినట్టున్నాయి. అమ్మ పళ్ళెంలో ఒక్కటీ లేదు. అదే గది, అదే గాలి. ఇద్దరూ పక్కపక్కన పడుకుని పీల్చారు. ఒకరిని అంటనేలేదు, ఒకరిని లోపల్నుంచి తినేస్తోంది. ఎందుకని అడిగితే పెద్ద పెద్ద మాటలు చెప్పగలను. నిజానికి నాకూ తెలియదు.

సాయంత్రం పళ్ళెం ఇంటికి తెచ్చి బల్బుకి అడ్డంగా పట్టుకుని నాన్నకి చూపించాను. ఇది నువ్వు, ఇది కెప్టెన్, ఇదిగో ఇది మీ ఇద్దరి గొడవ అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూశాడు. నా చదువంటే ఆయనకి గౌరవమే.

"బాగుంది," అన్నాడు. "సదువుకున్నావు, సేసేవు. కాదన్ను. మరి మీ అమ్మ వేళ్ళు కదిలినాయి గదా, అది నాను సూసేను. నీ గీత నువ్వు సూసేవు, నా గీత నాను సూసేను."

"అది బంతి వల్ల నాన్నా! ఎవాంజలిన్ నొక్కించబట్టి!"

"అయితే ఊల్లో బంతులు లేవేటి? అందరి సేతులూ లేచినాయేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పోనీ నువ్వు కింద గదిలో ఉండు, పావురాల్ని నేను చూసుకుంటాను అన్నాను. "రాత్రి మీ అమ్మని పక్కకి ఎవులు తిప్పుతారు? నీ వల్ల అవుద్దా?" అన్నాడు. పోనీ అమ్మని కిందికి దించేద్దాం అన్నాను. "గాలి ఎలగ తగుల్తాది?" అన్నాడు. ఎటు తిప్పినా అక్కడికే వచ్చేది. పోనీ మా లేబుకి ఇచ్చేద్దాం, పెద్ద పంజరం ఉంది, మేడం తీసుకుంటానంది అన్నాను. అనకూడని మాట అన్నానని ఆయన మొహం చూస్తే తెలిసింది. "కొయ్యడానికా?" అన్నాడు. అంతే. ఆ రాత్రి నాతో అన్నం తినలేదు.

ఆఖరికి ఒప్పుకున్నది నా కోసం కాదు. ఒకరోజు అమ్మని మంచం మీద తిప్పుతూ తిప్పుతూ ఆయాసమొచ్చి ఆమె మీదే పడిపోయాడు. లేవలేకపోయాడు. అమ్మ ఎడంచెయ్యి ఆయన కింద నలిగిపోతూ మంచం కోడుని టకటకా కొట్టింది. నేను పరుగెత్తుకొచ్చి లేపాను. అప్పుడన్నాడు, "కన్నబాబుని రమ్మను," అని.

మావ బుట్టలతో వచ్చాడు. ఎగిరిపోకుండా ఒక్కో పావురం రెక్క ఈకలకి దారం చుట్టి కట్టారు ఇద్దరూ కూర్చుని. కొత్తచోటు అలవాటయ్యేదాకా, గుడ్లు పెట్టి పిల్లలు చేసుకునేదాకా ఆ దారాలు విప్పకూడదు. కెప్టెన్‌ని నాన్నే కట్టాడు. కడుతూ, "బావూ, జాగరత్తగా ఉండు," అన్నాడు దానితో. అమ్మ మంచం మీంచి అంతా చూసింది. బుట్టలు మెట్లు దిగుతుంటే తల గోడవైపు తిప్పేసుకుంది.

నేను డాబా అంతా బ్లీచింగు వేసి కడిగాను, గోడలకి సున్నం వేయించాను, పరుపులు మార్చాను. అప్పుడు మా ఇంట్లో ఒక మంచి కాలం వచ్చింది. చిన్నదే, కానీ వచ్చింది. మందులు పట్టాయి. నాన్న మెట్లు ఆగకుండా ఎక్కాడు. ఒకరోజు పూర్ణా మార్కెట్ దాకా వెళ్ళి మామిడిపళ్ళు మోసుకొచ్చాడు. నేను గెలిచాననుకున్నాను. దేవుడి పటాల ముందు దీపం పెట్టని దాన్ని, ఆ రోజు పెట్టాను.

కానీ అమ్మ మంచం గూళ్ళ ఎదురుగానే ఉంది, గూళ్ళు ఖాళీగా ఉన్నాయి. తెల్లవారగానే అమ్మకి మెలకువ రావడం అలవాటు. కళ్ళు తెరిచి గుమ్మంలోంచి ఆకాశంవైపు చూస్తూ పడుకునేది. ఎవాంజలిన్ వచ్చి బంతి పెడితే చేతిలోంచి జారిపోయేది. ఆమెకి మనసు బాగాలేదు, అందుకే పట్టడం లేదు అంది ఎవాంజలిన్. నాన్నకి వినపడింది ఒక్క మాటే, చెయ్యి పట్టడం లేదన్నది. జారిన బంతి మంచం కిందికి దొర్లిపోతే వంగి తీస్తూ నావైపు చూసేవాడు.  ఆ చూపుకన్నా నాలుగు తిడితే బాగుండును.

మే నెల. ఉడికిపోతోంది ఊరు. చెమట ఆరదు, ఆకు కదలదు. ఒక మధ్యాహ్నం నేను లేబు నుంచి తొందరగా వచ్చి డాబా ఎక్కేసరికి నాన్న పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాడు, ఎండలో, చెప్పుల్లేకుండా. భుజం మీద కెప్టెన్.



మావకి ఫోన్ చేసి కేకలేశాను. "పాపం అనిపించిందే! దారాలు కట్టిన రెక్కలేసుకుని దుమ్ములో దేకుతన్నాయి. మీ అత్త సూళ్ళేక ఏడిసింది. ఇప్పీసేను. ఇంకెక్కడికి పోతాయిలే అనుకున్నాను," అన్నాడు. ఎక్కడికి పోతాయి! బుట్టలో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళి అక్కడినుంచే కదా నాన్న వాటికి దారి నేర్పింది. దేశంలో ఇన్ని ఊళ్ళుండగా మేము వాటిని సరిగ్గా అవి తిరిగి రాగలిగిన ఊరికే పంపాం. నాకు తట్టలేదు, నాన్నకి తట్టలేదు, పావురాల్ని పెంచిన మావకీ తట్టలేదు. నాన్నకి నిజంగా తట్టలేదా అని తరవాత చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

సాయంత్రానికి గుంపంతా దిగింది. అన్నీ తమ తమ గూళ్ళలోకి పోయి కూర్చున్నాయి, ఎక్కడికో పెళ్ళికెళ్ళి వచ్చినట్టు. అమ్మ మొహంలో ఆ సగం నవ్వు తిరిగొచ్చింది. అది చూసి నాన్న పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. 

ఆ తరవాత వారాలు నాకు ఒకదానిమీదొకటి కలిసిపోయాయి. ఎవాంజలిన్ పెట్టిన బంతి అమ్మ చేతిలో మళ్ళీ నిలిచింది. దగ్గు తిరిగొచ్చింది, ఈసారి జ్వరాన్ని కూడా తెచ్చింది. నాన్న చొక్కా హాంగరుకి వేసినట్టు వేలాడేది. గోళ్ళు నీలంగా తిరిగాయి. మందు డోసు పెంచారు. నేను పావురాల్ని చంపిస్తానన్నాను, గూళ్ళు పగలగొడతానన్నాను. ఒకసారి సుత్తి పట్టుకుని ఎక్కాను కూడా. నాన్న గూళ్ళకి అడ్డంగా కూర్చున్నాడు. ఊపిరి అందక, మాట మాటకీ ఆగి ఆగి చెప్పాడు.

"నాను ఎంతకాలం... ఉంతాను సెప్పు? ఆవిడ లేచి... నీళ్ళు తనంతట తాను... తాగితే సాలు. నాను పోయాక... ఎవులు పడతారు ఆవిడికి నీళ్ళు? నువ్వు రేపు... పెళ్ళిసేసుకుని ఎల్లవా?"

"నువ్వుంటే నువ్వు పట్టొచ్చు కదా నాన్నా!"

"ఆవిడ లేవకుండా... నాను బతికి... ఏటి సేత్తాను?"

ఇదంతా అమ్మ మంచానికి రెండడుగుల దూరంలో. ఆమెకి మాట పోయింది కానీ చెవులు పోలేదు, బుర్ర పోలేదు. ఆ సంగతి మేమిద్దరం ఎన్నిసార్లు మరిచిపోయామో.

మర్నాడు నాన్న ఆసుపత్రిలో ఆవిరి పట్టించుకోవడానికి వెళ్ళాడు, పక్కింటివాళ్ళ ఆటోలో. నేను అమ్మకి గంజి తాగిస్తూ ఏడ్చేశాను. ఇంకెవరితో చెప్పుకోవాలో తెలియక ఆమెతోనే చెప్పాను. ఫ్రిజ్జులోంచి గాజుపళ్ళెం తెచ్చి ఆమె కళ్ళ ముందు ఎత్తి పట్టుకున్నాను. "ఇది నాన్న రక్తమమ్మా. ఇది నీ కెప్టెన్ రెక్క మీద పొడి. ఈ గీత చూడు. ఇంకో పళ్ళెం నీది, నీకు ఏమీ లేదు. నీకు గాలి, ఆయనకి విషం. ఆయన నా మాట వినడు. పావురాలుంటే ఇంకో ఎండాకాలం చూడడు."  అమ్మ ఎడంచేత్తో పళ్ళెం అంచు పట్టుకుని వెలుగువైపు తిప్పుకుంది. చాలాసేపు చూసింది. తరవాత నా చెంప తుడిచి, గంజి చాలన్నట్టు మూతి తిప్పేసింది.

ఆ మర్నాటి పొద్దున్న నేను టీ పట్టుకుని మెట్లెక్కుతున్నాను. నాన్న అమ్మ మంచం బయటికి లాగలేక లాగలేక లాగి, గింజలు చల్లి, గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. చప్పట కొట్టాడు. బలం లేని చప్పట. అయినా అన్నీ లేచాయి. అమ్మ జుట్టు ఎగిరింది. నాన్న తల ఎత్తి గుంపు తిరగడం చూస్తున్నాడు. కెప్టెన్ అలవాటుగా అమ్మ గుండెల మీదికెక్కి గురగురమంటోంది. అమ్మ ఎడంచెయ్యి దాని రెక్కల మీద వేసి దగ్గరికి తీసుకుంది. ముద్దు చేస్తోందనుకున్నాను. టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి గురగుర ఆగిపోయింది.

ఎడంచెయ్యి రెక్కల్ని మంచానికి అదిమి పట్టుకుని ఉంది. కుడిచెయ్యి మెడ చుట్టూ ఉంది. ఆ వేళ్ళు బంతిని నొక్కినట్టే, ఎవాంజలిన్ నేర్పినట్టే, నొక్కుతున్నాయి. మెల్లగా, వణుకుతూ. పక్షి కాళ్ళు రెండుసార్లు తన్నుకున్నాయి. అమ్మ దానివైపు చూడటం లేదు. నాన్నవైపు చూస్తోంది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

నాన్న చూశాడు. వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. చచ్చిన పక్షిని తాకలేదు. అమ్మ కుడిచెయ్యి పట్టుకుని, ఒక్కో వేలూ విడదీసి, మళ్ళీ ముడిచి చూశాడు.

"వల్లీ," అన్నాడు అమ్మతో. "కుడిసెయ్యి. సూసేవా? కుడిసెయ్యే."

నవ్వుతున్నాడు. ఏడుస్తున్నాడు. దగ్గుతున్నాడు. మూడూ ఒకేసారి ఆ ఒక్క మొహంలో చూడవలసి వచ్చింది నాకు. అమ్మ నోరు తెరిచి ఏదో శబ్దం చేసింది. కాదు, కాదు, అందుకు కాదు అని చెప్పాలనుకుందేమో. మాట రాలేదు.

కాసేపయ్యాక నాన్న, "కన్నబాబుకి ఫోన్ సెయ్యి. ఈసారి దారాలు ఇప్పొద్దని సెప్పు," అన్నాడు. మావ వచ్చాడు. ఈసారి దారాలు కట్టలేదు, బుట్టలు తగరపువలసకీ తీసుకెళ్ళలేదు. ఎక్కడికి తీసుకెళ్ళాడో నేను అడగలేదు, నాన్నా అడగలేదు. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆషాఢం వానలు మొదలయ్యేసరికి నాన్న కింద గదిలో ఆక్సిజన్ మెషిన్ పక్కన పడుకున్నాడు. పక్షులు లేవు, పొడి లేదు, మందులున్నాయి. కానీ మచ్చ కట్టింది కట్టిపోయింది. డాక్టరు కొత్త ఫిల్ము దీపానికి పెట్టి చూపించాడు, నేను చూశాను. నాకు చదవడం వచ్చు, అదే నా ఖర్మ. అమ్మని కూడా కిందికి దించాం. కుర్చీలో కూర్చోబెడితే కూర్చుంటోంది. కుడిచేత్తో గ్లాసు పట్టుకుని నీళ్ళు తనంతట తాను తాగుతోంది. నాన్న కోరుకున్నది అదే కదా. తాగినప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోతుంది.

చూడటానికి వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతాడు. ముక్కుకి గొట్టం, మాటకీ మాటకీ మధ్య మెషిన్ చప్పుడు. అయినా చెప్పాల్సిందే.

మొన్న పక్కవీధి పద్మావతిగారు వచ్చింది. ఆమె భర్తకి పది రోజుల కిందట పక్షవాతం వచ్చింది. ఎడంపక్క పడిపోయింది.

"పావురాలు... పెట్టమ్మా," అన్నాడు నాన్న. "వాటి గాలే... మా ఆవిడ సెయ్యి... లేపింది. కన్నబాబుని అడుగు... జత తెచ్చి... ఇస్తాడు."

నేను ఊరుకోలేకపోయాను. "వద్దండీ. పావురాల వల్లే ఆయన ఇలా అయ్యాడు. నేను పరీక్ష చేశాను. మీకు చూపిస్తాను," అన్నాను. పద్మావతిగారు నావైపు జాలిగా చూసింది. తండ్రి మంచాన పడితే పిల్లకి మతి చెడిందనుకుంది కాబోలు. ఆమెకి కావలసింది పరీక్ష కాదు. లేచి కుర్చీలో కూర్చున్న మనిషి ఎదురుగా ఉంది.

"ఏదప్పా, ఓపాలి ఆ సెయ్యి సూపించు," అంటూ ఆశగా అమ్మ దగ్గరికి వంగింది.

అమ్మ గ్లాసు కింద పెట్టింది. కుడిచెయ్యి పమిట కిందికి లాక్కుని దాచేసుకుంది.